అరుగు ఎవరిది?

బందరులో ఇప్పటికీ పరాసుపేట ఉంది. వలందపాలెం ఉంది. ఇంగ్లీషుపాలెం ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు, వలందులంటే డచ్చివాళ్ళు. గోల్కొండ సుల్తానులకి సముద్రం వైపు తెరుచుకున్న తలుపు ఈ రేవు. వలందులు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, పరాసులు 1669లో ఇక్కడ వర్తకానికి దిగారు. 1759లో ఇంగ్లీషువాళ్ళు పరాసుల చేతిలోంచి కోటని లాక్కున్నారు. ఆ కంపెనీలన్నీ ఎప్పుడో పోయాయి. పేర్లు మాత్రం ఆటోవాళ్ళ నోళ్ళలో పడి బతికే ఉన్నాయి. పేరు నిలబడటానికి పెద్ద ఖర్చు లేదు. దానికి సున్నం వెయ్యక్కర్లేదు, దూలం మార్చక్కర్లేదు, ఇంటిపన్ను కట్టక్కర్లేదు. ఇల్లు అట్లా కాదు. దాన్ని నిలబెట్టడానికి ప్రతి ఏడూ ఎవరో ఒకరు జేబులోంచి తియ్యాలి.

నా ప్రశ్న ఈ ఖర్చు గురించే. సముద్రం ఒడ్డు ఊళ్ళలో పాత ఇల్లొకటి కూలుస్తుంటే మనలాంటి వాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది. ఫొటో పెట్టి, కింద "ఇంకొకటి పోయింది" అని రాసుకుంటాం. ఆ బాధ నటన అని నేను అనను. నాకూ ఉంది. అయితే ఆ బాధకి ఏమైనా హక్కు ఉంటుందా? ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకోనివాళ్ళం, కప్పు మరమ్మతుకి రూపాయి ఇవ్వనివాళ్ళం, అది అట్లాగే ఉండాలని ఎవరినైనా అడగొచ్చా? అడిగితే ఎంతవరకు?

ముందు తేలికైన సంగతి చూద్దాం. బందరులో వలందుల సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దం నాటివి. నల్లటి రాతి పలకల మీద పేర్లు, తారీఖులు, వంశ చిహ్నాలు చెక్కి ఉంటాయి. ఇట్లాంటివే భీమిలిలోనూ, పులికాట్‌లోనూ ఉన్నాయి. వీటిని కాపాడాలా అంటే కాపాడాల్సిందే అనిపిస్తుంది. అందులో ఉన్నవాళ్ళు ఎవరినీ కప్పు బాగుచెయ్యమని అడగరు. ఆ స్థలాన్ని పంచుకోవాల్సిన అన్నదమ్ములు లేరు. రాయి కదలదు, దానికి పిల్లల చదువులు లేవు. దాన్ని ఉండమని అడగడంలో ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టు కాదు.

కొందరు స్నేహితులు ఇక్కడే అడ్డం తగులుతారు. మనల్ని దోచుకున్నవాళ్ళ సమాధులకి మన డబ్బుతో గడ్డి కోయించాలా అంటారు. తీసిపారేసే మాట కాదది. ఆ డచ్చి కంపెనీయే కరువు కాలాల్లో అమ్ముడుపోయిన మనుషుల్ని పులికాట్, నాగపట్నం రేవుల్లో ఓడలెక్కించి బటావియాకి పంపింది. సమాధి రాయి మీద ఆ సంగతి ఉండదు. చనిపోయిన వర్తకుడి హోదా ఉంటుంది, దేవుడి మీద అతని భక్తి ఉంటుంది. కానీ రాయి ఉంటేనే కదా, అది చెప్పని సంగతి ఏమిటని అడగగలిగేది. రాయిని పీకేస్తే నేరానికి ఉన్న చిరునామా కూడా పోతుంది. ఉంచడం అంటే గౌరవించడమే అవ్వక్కర్లేదు. పాత దస్తావేజుని ఎందుకు దాస్తామో దీన్నీ అందుకే దాచొచ్చు.

అసలు అదికూడా పూర్తిగా ఖర్చులేని వ్యవహారం కాదు. ప్రాచీన కట్టడాల చట్టం 1958లో వచ్చింది. దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న ఏ కట్టడానికైనా చుట్టూ 100 మీటర్ల లోపు కొత్తగా ఏమీ కట్టకూడదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా కట్టాలంటే అనుమతి తెచ్చుకోవాలి. ఆ గీతల లోపల రెండు గదుల ఇల్లున్నవాళ్ళు కొడుక్కి పెళ్ళయిందని పైన ఒక గది వేసుకోవాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాల్సిందే. చచ్చిపోయినవాళ్ళ రాయికి బతికున్న పొరుగువాళ్ళు మూల్యం చెల్లిస్తున్నారన్నమాట. నీలం బోర్డు మీద శిక్షలూ జరిమానాలూ రాసి ఉంటాయి గానీ ఈ ఖర్చు మాత్రం కనపడదు.

ఇంకో సంగతి. మన చేతికి మిగిలినవి మనం ఏరి దాచుకున్నవి కావు. 1864 నవంబరు 1న వచ్చిన తుపానుకి సముద్రం బందరు మీద పడింది. ఆ చుట్టుపక్కల దాదాపు 30,000 మంది పోయారని లెక్క. ఊరు అంతకుముందులాగా మళ్ళీ కోలుకోలేదు. ఆ నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఏ గోడలు నిలబడి ఉంటాయి? రాయీ సున్నమూ కొనగలిగిన వాళ్ళవి. మట్టిగోడలు, తాటాకు కప్పులు ఒక్క అలకి సరిపోతాయి. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమలోనూ అంతే జరిగింది. సముద్రం వడపోసి ఇచ్చిన దానికి చట్టం వందేళ్ళు నిండాలని ఇంకో వడపోత పెట్టింది. ఆ రెంటినీ దాటి వచ్చిన దాన్ని మనం 'వారసత్వం' అంటున్నాం. డబ్బున్నవాడి ఇల్లు మొదట తుపానులో గెలుస్తుంది, తర్వాత జ్ఞాపకంలో గెలుస్తుంది.

ఈ రేవుకి పేరు తెచ్చింది మట్టిగోడల్లో ఉన్నవాళ్ళే. వాళ్ళు అద్దిన గుడ్డల కోసమే ఓడలొచ్చాయి. ఆ అద్దకం గుడ్డలకి యూరపులో ఎంత గిరాకీ ఉండేదంటే, అక్కడి నేతవాళ్ళు తట్టుకోలేక గోల చేస్తే 1686లో ఫ్రాన్సు, తర్వాత ఇంగ్లండు వాటి మీద నిషేధాలు పెట్టాయి. కోరమాండల్ తీరంలో అద్దిన ఆ గుడ్డలు ఇవాళ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. వాటిని కాలవలో ఉతికి ఆరేసిన మనుషుల ఇళ్ళు మాత్రం ఎక్కడా లేవు. కాబట్టి "పాత బందరుని కాపాడదాం" అన్నప్పుడల్లా, అసలు బందరులో సగానికి పైగా కాపాడటానికి వీల్లేకుండా ఎప్పుడో పోయిందని గుర్తుంచుకోవాలి.

ఇక కష్టమైన సంగతికి వద్దాం. మనుషులు ఇంకా కాపురం ఉంటున్న పాత ఇళ్ళు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. కట్టిన ఇంటిని సముద్రం పక్కన వందేళ్ళు నిలిపి చూడమని ఎవరూ అనలేదు. బహుశా అది సామెతకి అందని కష్టం. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు పొరలు పొరలుగా రాలతాయి. బర్మా టేకు దూలాలు నిలబడతాయి గానీ వాటి మధ్య వాసాలు చెదలు పడతాయి. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గోడలోకి తడి ఎక్కినా మళ్ళీ బయటికి పోతుంది. ఇప్పుడు సున్నం పనివాళ్ళు దొరక్క అందరూ సిమెంటు పూయిస్తున్నారు. సిమెంటు కింద తడి లోపలే చిక్కుకుంటుంది, గోడలోని ఉప్పు పొక్కులుగా తేలుతుంది, రెండేళ్ళు తిరక్కుండా పెచ్చులు ఊడతాయి. తెలియక చేసిన ఆ మరమ్మతే ఇంటికి చేటవుతుంది. తెలిసి చేయించాలంటే మేస్త్రీని ఏ ఊరినించో వెతికి తెచ్చుకోవాలి.

నా స్నేహితురాలి పిన్నిగారిది బందరులో అట్లాంటి ఇల్లే. మండువా, నాలుగు వైపులా టేకు స్తంభాలు, ముందు పొడుగాటి అరుగు. ఇంటికి నలుగురు వాటాదార్లు. ఉండేది ఆవిడ ఒక్కతే. నేను స్తంభాల మీద చెక్కడాలు చూసి మురిసిపోతూ, దీన్ని అమ్మకండి పిన్నిగారూ అన్నాను. ఆవిడ నవ్వి అంది: "నీకేం అమ్మాయ్, చూసి పోతావు. వానొస్తే అర్ధరాత్రి లేచి గిన్నెలు పెట్టుకునేది నేను. ఈ ఇల్లు పడగొడితే నీకు బాధ. అదే పడిపోతే నేనే పోతాను." కోపంగా అనలేదు. కాఫీ గ్లాసు చేతికిస్తూ అంది. అప్పటినుంచీ ఈ విషయం మీద నేను ఏం ఆలోచించినా ఆవిడకి జవాబు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది.

తేలికైన జవాబులు రెండున్నాయి. ఇల్లు ఆవిడది, ఆవిడిష్టం అనేది ఒకటి. ఇల్లు ఊరిది, చరిత్రది, ఆవిడకి పడగొట్టే హక్కు లేదు అనేది రెండోది. మొదటిదాంట్లో బజారున పోయేవాడికి ఆ ఇంటితో ఏ సంబంధమూ లేనట్టే. రెండోదాంట్లో ఆవిడ తన ఇంటికే జీతంలేని కాపలాదారు అయిపోతుంది. నాకు రెండూ తప్పనిపిస్తాయి. ఎందుకు తప్పో ఆ ఇంటి నిర్మాణమే చెప్తుంది.

అరుగు చూడండి. గుమ్మానికి బయట, వీధి వైపు, కప్పు నీడలో కట్టిన ఎత్తు. ఇంట్లోవాళ్ళకి కూర్చోడానికి లోపల మండువా ఉంది, పెరడు ఉంది. అరుగు ప్రధానంగా దారిన పోయేవాడి కోసం కట్టింది. ఎండన పడి వచ్చినవాడు కాసేపు కూర్చుంటాడు, పేపరు చదువుతాడు, రాజకీయాలు మాట్లాడతాడు, మంచినీళ్ళు అడుగుతాడు. గుమ్మం దాటి లోపలికి రాడు. అంటే కట్టినవాడే ఒప్పుకున్నాడన్నమాట, ఈ ఇంట్లో కొంత భాగం వీధిదని. దారిన పోయేవాడికి హక్కు అసలు లేకపోలేదు. ఆ హక్కు అరుగంత. గుమ్మం దాటితే లేదు.

అయితే దీన్ని మరీ అందమైన బొమ్మ చెయ్యకూడదు. ఆ అరుగు అందరిదీ కాలేదు. ఆ వీధిలోకే రానివ్వని కులాలున్నాయి. ఆ గోడలకి మట్టి తొక్కినవాళ్ళు, ఆ దూలాలు మోసినవాళ్ళు చాలామంది ఆ అరుగు మీద ఒక్కరోజూ కూర్చోలేదు. దొడ్డిదారిన వచ్చి, పెరట్లో నిలబడి కూలి తీసుకుని పోయారు. పాత ఇంటిని కాపాడటం అంటే ఆ రెండు దారులనీ కాపాడటమా? రెండు దారులూ ఉండేవని చెప్పకుండా ముందు గుమ్మానికి మాత్రం రంగులేస్తే అది కాపాడటం కాదు, అబద్ధం. దొడ్డిగుమ్మం గురించి కూడా రాసిపెట్టే ఓపిక ఉన్నప్పుడే వీధి గుమ్మం గురించి మాట్లాడే అర్హత ఉంటుందని నేననుకుంటాను.

అరుగంత హక్కు అంటే ఆచరణలో ఏమిటి? ఇదే తీరంలో, దక్షిణాన పుదుచ్చేరిలో ఒక ఉదాహరణ ఉంది. అక్కడి తమిళ పేటలో వైశ్యాళ్ వీధి అని ఒకటి. యూరోపియన్ యూనియన్ ఆసియా ఉర్బ్స్ పథకం కింద వచ్చిన డబ్బుతో, ఇన్‌టాక్ ఆధ్వర్యంలో, ఆ వీధి ఇళ్ళ ముఖభాగాలని బాగుచేశారు. మనం అరుగు అనేదాన్ని వాళ్ళు తిణ్ణై అంటారు. ఆ తిణ్ణైలూ వాటి మీది పెంకు కప్పులూ మళ్ళీ నిలబడ్డాయి. ఇంటి యజమానులు కూడా కొంత పెట్టుకున్నారు. 2008లో ఆ పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. నాకు నచ్చింది పురస్కారం కాదు, ఆ లెక్క. వీధికి కనపడే భాగానికి వీధి తరఫున డబ్బొచ్చింది. లోపలి గదులు ఎట్లా ఉండాలో ఇంటివాళ్ళ ఇష్టం.

అదే ఊళ్ళో ఇంకో వైపు కూడా ఉంది. సముద్రం పక్క ఫ్రెంచి పేటలో ఎన్నో పాత బంగళాలు హోటళ్ళయ్యాయి, కెఫేలయ్యాయి. గోడలు మిలమిలలాడుతుంటాయి. ఇల్లు దక్కింది, కాపురం పోయింది. నాలాంటి వాళ్ళు వారాంతానికి వెళ్ళి ఆ పసుపుగోడ పక్కన ఫొటో దిగి వస్తారు. కూలిపోవడం కన్నా ఇది మేలే. కానీ డబ్బున్న ప్రభుత్వ భవనాలే అక్కడ నిలవలేదని మర్చిపోకూడదు. పుదుచ్చేరి మేరీ, అంటే ఫ్రెంచి కాలపు పురపాలక భవనం, 2014 నవంబరు వానల్లో నిలువునా కూలింది. పాత రూపంలోనే మళ్ళీ కట్టి 2021లో తెరిచారు. ప్రభుత్వం చేతిలో ఉన్న భవనానికే ఆ గతి పడితే, నాలుగు వాటాల ఇంట్లో ఒంటరిగా ఉన్న పిన్నిగారిని మనం ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

ఇళ్ళ తర్వాత వ్యాపారాలు. పేరు నిలబడటానికి పెద్ద ఖర్చు లేదన్నాను. కానీ పేరుని తీసెయ్యడానికి కూడా ఖర్చు లేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1980లో అది జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డులు మారాయి. ఆ పేరు పోతోందని చాలామంది బాధపడ్డారు. ఇటుకా గోడా ఎక్కడివక్కడే ఉన్నా ఏదో కూలినట్టు అనిపించిందంటే, మనం కాపాడాలనుకునేది ఎప్పుడూ గోడలనే కాదన్నమాట. ఒక ఊరు తన డబ్బు తనే దాచుకుని, తనవాళ్ళకే అప్పిచ్చుకోగలదన్న నమ్మకం ఆ పేరులో ఉండేది.

అన్నిటికన్నా కష్టమైన సంగతి, చేతిపని. బందరు పక్కనే పెడనలో ఇప్పటికీ కలంకారీ అద్దకం నడుస్తోంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో, పాలలో తడిపి ఆరబెడతారు. ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో నలుపు వస్తుంది. పటిక అద్దినచోట ఉడకబెడితే ఎరుపు పట్టుకుంటుంది. ఒకప్పుడు ఆ ఎరుపు ఈ తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరువేరు నుంచి వచ్చేది. జర్మనీవాళ్ళు 1869 ప్రాంతంలో అలిజరిన్‌ని కృత్రిమంగా తయారుచెయ్యడం కనుక్కున్నాక దాని అవసరం మెల్లగా తగ్గిపోయింది. 1864 ఉప్పెన తియ్యలేకపోయింది ఈ పనినే. గోడల్లో కాకుండా చేతుల్లో ఉంది కాబట్టి మిగిలింది. ఆ లెక్కన చూస్తే బందరు మొత్తంలో పాత 'కట్టడం' ఇదేనేమో అని నాకనిపిస్తుంది.

కానీ రాయిని ఉండమన్నంత తేలిగ్గా మనిషిని ఉండమనలేం. అద్దకం పనివాడి కూతురు కంప్యూటర్ కోర్సు చేసి హైదరాబాదు వస్తానంటే, మా సంస్కృతి ఏం కాను, నువ్వు కరక్కాయ నీళ్ళలోనే చేతులు పెట్టు అని చెప్పేంత ధైర్యం ఎవరికుంది? యంత్రం మీద స్క్రీన్ ప్రింటు వేసిన నకిలీ కలంకారీని సగం ధరకి కొనుక్కుంటూ, అసలుది బతకాలని కోరుకోవడం ఇంకా విచిత్రం. ఆ కోరికకి అయ్యే ఖర్చంతా అవతలివాళ్ళ జీవితంలోంచి పోతోంది.

ఇదంతా ఆలోచించాక నాకు తోచింది ఇంతే. ఒకటి నిలవాలని కోరుకునేవాళ్ళు దాని బరువులో కొంత మొయ్యాలి. అది ఊరి కోరికైతే ఊరి డబ్బుతో, అరుగు వరకు. హెరిటేజ్ ఇంటివాళ్ళు పైకి కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కుని వేరేచోట అమ్ముకునే ఏర్పాటు ముంబయిలాంటి చోట్ల ఉంది. అట్లాంటిది ఏదో పిన్నిగారికి చూపించినప్పుడే అమ్మకండి అనే మాటకి అర్థం. మొయ్యలేకపోతే, పొమ్మని ఒప్పుకోవడం కూడా నేర్చుకోవాలి. పోయేముందు చెయ్యగలిగిన పనులు చాలా ఉన్నాయి. గదుల కొలతలతో బొమ్మ గీయించడం, సున్నంలో ఏం కలిపారో ముసలి మేస్త్రీని అడిగి రాసుకోవడం, దొడ్డిదారిన వచ్చినవాళ్ళ మనవలని కూడా ఆ ఇల్లు గురించి అడగడం. ఇవేవీ ఇంటిని నిలపవు. కానీ ఇవి మన చేతిలో ఉన్నవి, మన ఖర్చుతో అయ్యేవి.

బందరుకి మళ్ళీ రేవు వస్తోంది. 2023లో తపసిపూడి దగ్గర పనులు మొదలయ్యాయి. గోదాములు, ఆఫీసులు కాంక్రీటుతో లేస్తాయి. ఇంకో వందేళ్ళకి వాటిలో కొన్ని చట్టం ప్రకారం పాతవాటి జాబితాలో చేరే వయసుకి వస్తాయి. వాటిని కడుతున్న కూలీలు ఉండే రేకుల షెడ్లు పని అయిన మర్నాడే విప్పేస్తారు. అవి ఎట్లా ఉండేవో, ఎన్ని గజాల్లో ఎంతమంది పడుకునేవాళ్ళో, నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకునేవాళ్ళో వందేళ్ళ తర్వాత అడిగేవాళ్ళకి ఎవరు చెప్తారు? 1864లో కొట్టుకుపోయిన తాటాకు ఇళ్ళ గురించి మనం ఇప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు. ఈ షెడ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. బందరు బస్సు ఎక్కితే వెళ్ళి చూడొచ్చు.